మూడు రంగుల పురి

నా ఇరవై మూడో ఏట నాకొక రాజకీయ పార్టీ ఉండేది. నేనొక పార్టీలో ఉండేవాణ్ణని అనడం లేదు, పార్టీయే నాది. సభ్యులం ఏడుగురం. రెండు జట్కాలు మాట్లాడుకుంటే పార్టీ మొత్తం, జెండాతో సహా, సిటీ రైల్వే స్టేషనుకు చేరిపోయేది. ఆ ఏడుగురిలో ఒకడు కేవలం హోటల్లో నేనిప్పించే కాఫీ కోసం వచ్చేవాడని చాలా ఆలస్యంగా తెలిసింది. యుద్ధం అప్పుడే ముగిసింది. స్వరాజ్యం ఇవాళో రేపో అంటున్నారు. వచ్చే స్వరాజ్యాన్ని ఎలా నడపాలో నాకూ, మరో ఆరుగురికీ తప్ప దేశంలో ఎవరికీ తెలియదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి.

మాది బెంగళూరు పాతపేటలో పట్టు నేసేవాళ్ళ వీధి. ఎన్ని తరాల కింద వచ్చామో మా ముసలివాళ్ళకే సరిగా తెలియదు. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం. ప్రతి ఇంట్లో మగ్గం గుంత, ఆ గుంతలో ఒక తండ్రో అన్నో నడుము దాకా దిగి కూర్చుని ఉండేవాళ్ళు. నేను మాత్రం ఆ గుంతలో కాలు పెట్టకుండా ఇంటర్మీడియట్ చదివి, కంటోన్మెంటులో ఒక కంపెనీలో గుమాస్తాగా చేరాను. సాయంత్రాలు పార్కులో ఉన్న లైబ్రరీకి వెళ్ళి, ఏ దేశంలో ఎలా ఓట్లు వేస్తారో చదివేవాణ్ణి. మా వీధిలో నీళ్ళ కొళాయి ఏ వేళకు వస్తుందో చెప్పలేకపోయేవాణ్ణి గానీ యూరప్‌లో దామాషా పద్ధతి ఎలా నడుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

వీధికొక సంఘం, సంఘానికొక హాలు, హాలు వెనక ఒక చిన్న గది ఉండేవి. ఆ గదిలో మా చిన్నాయన, చిన్నమ్మ కాపురం. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. ఒకప్పుడు వీధిలో ఆయన్ని మించిన నేతగాడు లేడు. స్వరాజ్యం కోసం దేశమంతా గొడవ జరిగిన సంవత్సరం, ఊరేగింపులో లాఠీ దెబ్బకు కుడి మణికట్టు విరిగింది. జైల్లో అది వంకరగా అతుక్కుంది. బయటికొచ్చాక వేళ్ళు వంగలేదు, పోగును అటూ ఇటూ నడిపే నాడె విసరడం ఆయన వల్ల కాలేదు. సంఘం ఆయనకు ఒక పని ఇచ్చింది. రోజూ పొద్దున హాల్లో కూర్చుని పేపరు గట్టిగా చదివి వినిపించాలి. దానికి కాస్త జీతం, ఆ గది.

పేపరు కన్నడంలో ఉండేది. చిన్నాయన దాన్ని కళ్ళతో కన్నడంలో చదివి నోటితో తెలుగులో చెప్పేవాడు. అది కూడా మా వీధి తెలుగులో. "ఢిల్లీలో పెద్దోళ్ళంతా కూర్చున్యారంట. మాట్లాడినారంట. లేచినారంట. ఏమీ తేల్లేదంట. రేపు మల్లా కూర్చుంటారంట" అనేవాడు. అరపేజీ వార్త అంతే. వీధిలో మగ్గాలన్నీ ఆ అరగంట ఆగేవి. ఆడవాళ్ళు హాలు కిటికీల దగ్గర నిలబడి వినేవాళ్ళు. చదువుకున్నవాణ్ణి కాబట్టి నేను వెళ్ళేవాణ్ణి కాదు. నాకు ఇంగ్లీషు పేపరు ఉంది కదా.

ఆ హాలు మీద పెద్ద మగ్గాల యజమానుల కన్ను పడింది. ఒక్కొక్కళ్ళకి పదీ పదిహేను మగ్గాలుండే నలుగురైదుగురు వాళ్ళు. మహారాజుగారి ప్యాలెస్‌కి చీరలు పంపేవాళ్ళు. యుద్ధకాలంలో పట్టుకు వచ్చిన గిరాకీ వాళ్ళకు బాగా అబ్బింది. నూలు, పట్టు నిలవ పెట్టుకోవడానికి వాళ్ళకు చోటు చాలడం లేదు. "పొద్దున పొద్దున పనులు మానుకొని పేపరు వినేదేమప్పా? ఆ హాల్లో సరుకు పెట్టుకుందాం. సంఘానికి బాడుగ వస్తాది" అనడం మొదలుపెట్టారు. అదే జరిగితే చిన్నాయన పనీ పోతుంది, గదీ పోతుంది. ఆ యేడు సంఘం కమిటీకి ఐదుగురిని ఎన్నుకోవాలి. ఐదింట్లో మూడు వాళ్ళకొస్తే హాలు గోడౌనే.

వీధిలో నూటయాభై మంది సభ్యులుంటే, యజమానుల మాట వినేవాళ్ళు నలభై, నలభై ఐదు మందికి మించరు. తక్కినవాళ్ళంతా స్వరాజ్యం కావాలనేవాళ్ళే, చిన్నాయన పేపరు వినేవాళ్ళే. కాబట్టి ఇది గెలిచిన ఎన్నికే. మాలాంటి తెలివైనవాళ్ళు లేకపోయి ఉంటే.

స్వరాజ్యం కావాలనేవాళ్ళం మా వీధిలో మూడు గుంపులుగా ఉండేవాళ్ళం. మా మధ్య తగాదా ఏమిటో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గేస్తుంది. స్వరాజ్యం వచ్చాక మగ్గానికి కరెంటు పెట్టాలా వద్దా అన్నది ఆ తగాదా. ఒక గుంపు కరెంటు కాదు సరికదా మిల్లు నూలు కూడా ముట్టకూడదు, రాట్నమే గతి అనేది. రెండో గుంపు మిల్లు నూలు పరవాలేదు, కరెంటు మాత్రం కూడదు అనేది. కరెంటు పెట్టాలి, మగ్గాలన్నీ అందరి ఉమ్మడి సొత్తు కావాలి అన్నది నా పార్టీ. మా వీధిలో అప్పటికి దీపానికే కరెంటు లేని ఇళ్ళు సగం. రాని స్వరాజ్యంలో లేని కరెంటు గురించి మేం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు.

ఎన్నిక ఎలా జరపాలన్న మాట వచ్చినప్పుడు నేను లేచి నిలబడ్డాను. అంతకుముందు చేతులెత్తి ఎన్నుకునేవాళ్ళు. నేను దామాషా పద్ధతి గురించి గంటన్నర మాట్లాడాను. ఏ గుంపుకి ఎంత బలముంటే అన్ని చోట్లు రావాలి, అదీ న్యాయం అన్నాను. నూటయాభై మందికి ఐదు చోట్లు కాబట్టి ముప్పై ఓట్లకొక చోటు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత నా తెలివిని ఇంకాస్త సానబెట్టాను. ముప్పై నిండని గుంపుకి ఏమీ రాకూడదు, అలా మిగిలిపోయిన చోట్లన్నీ అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చిన గుంపుకే పోవాలి అని కలిపాను. ఎందుకంటే, తక్కిన రెండు గుంపులకూ ముప్పై దాటవనీ, నా ఉపన్యాసాలు విన్న జనం వెల్లువలా నా వైపుకొస్తారనీ నా లెక్క. యజమానుల్లో పెద్దాయన నా వైపు చూసి తల పంకించి, "భేష్, బాగా చదువుకున్న పిల్లోడు. అట్లే కానీండప్పా" అన్నాడు. నేను చంకలు గుద్దుకున్నాను.

మా వీధిలో అక్షరం రాని సభ్యులే ఎక్కువ. అందుకని తాతల నాటి నుంచి ముఖ్యమైన విషయాలకు దారం వేయడం అనే పద్ధతి ఉంది. సరేననేవాళ్ళు తెల్ల దారం, కాదనేవాళ్ళు నల్ల దారం కుండలో వేస్తారు. ఈ ఎన్నికకూ దారాలే అనుకున్నాం, కాకపోతే గుంపుకొక రంగు. యజమానులు జరీ పోగు తీసుకున్నారు. తక్కిన మేం ముగ్గురం జెండా రంగుల కోసం కొట్లాడుకున్నాం. రాట్నం గుంపు కాషాయం పట్టుకుపోయింది, మిల్లు నూలు గుంపు తెలుపు తీసుకుంది, నాకు ఆకుపచ్చ మిగిలింది. ఒకరికి ఒకే దారం, రెండేస్తే చెల్లదు అన్న నిబంధన కూడా నేనే రాశాను. చక్కటి దస్తూరీతో రాసి హాలు తలుపుకి అంటించాను.

ఎన్నికకు వారం ముందు చిన్నాయన మా ఇంటికొచ్చాడు. నాయన మగ్గం మీద ఉన్నాడు. చిన్నాయన నా పక్కన అరుగు మీద కూర్చుని, "ఏమప్పా, మీరు ముగ్గురూ కలిసి ఒకే రంగు పెట్టుకోరాదా?" అన్నాడు.

"సిద్ధాంతాలు వేరు చిన్నాయనా" అన్నాను.

"సిద్ధాంతం అట్లే ఉండనీ. గెలిచినంక కొట్లాడుకోండి. ఇప్పుడు హాలు పోతే మీరు కొట్లాడుకునేదానికీ చోటు ఉండదు."

"దామాషా పద్ధతిలో ఓట్లు చీలినా నష్టం లేదు చిన్నాయనా. అదే దాని గొప్పతనం. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే..." అని మొదలుపెట్టి, ఆయనకు అర్థం కాకుండా పావుగంట చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. లేచేటప్పుడు, "మీ చిన్నమ్మ గది గురించి శానా బెంగ పెట్టుకోనుండాది. కొంచెం చూడు నాయనా" అని మాత్రం అన్నాడు. ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. చూస్తానన్నాను.

ఎన్నిక ఆదివారం పొద్దున జరిగింది. నడిపించడానికి యలహంక నుంచి ఒక రిటైరైన హెడ్‌మాస్టరుగారిని పిలిపించాం. ఎవరి పక్షమూ కాని మనిషి. హాల్లో ఒక మూల చీర అడ్డం కట్టి, వెనక బల్ల మీద నాలుగు గిన్నెల్లో జానెడేసి దారాలు, పక్కన మూతికి గుడ్డ కట్టిన కుండ పెట్టారు. గిన్నెలు సర్దింది నేనే. ముందు కాషాయం, పక్కన తెలుపు, దాని పక్కన ఆకుపచ్చ, చివర జరీ. అలా వరసగా పెడుతుంటే కంటికి ఎంతో ఇంపుగా అనిపించింది కూడా. ఒక్కొక్కరూ చీర వెనక్కి వెళ్ళి వస్తున్నారు. కొందరు చాలాసేపు అక్కడే ఉండిపోతున్నారు. తీవ్రంగా ఆలోచిస్తున్నారు, నా ఉపన్యాసం పనిచేస్తోంది అనుకున్నాను.

మధ్యాహ్నం కుండ గుడ్డ విప్పి దారాలు చాప మీద పోశారు. జరీ పోగులు నలభై రెండు. కాషాయం ఇరవై ఏడు, తెలుపు ఇరవై నాలుగు. నా ఆకుపచ్చ పదకొండు. వెల్లువ పదకొండు! ఇవి కాక చాప మీద ఇంకో కుప్ప మిగిలింది. హెడ్‌మాస్టరుగారు అందులోంచి ఒకటి తీసి కళ్ళద్దాల దగ్గర పెట్టుకుని చూశారు. అది కాషాయం, తెలుపు, ఆకుపచ్చ దారాలు మూడూ కలిపి పురిపెట్టిన పోగు. అలాంటివి నలభై ఆరు ఉన్నాయి.

ఇది మా వీధివాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. మా వాళ్ళ చేతికి విడి పోగులు దొరికితే వేళ్ళు ఊరుకోవు, బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే పురి తిప్పేస్తాయి. పైగా జెండా రంగులు మూడూ పక్కపక్కన కనపడితే అందులోంచి ఒకటి తీసి రెండు వదిలెయ్యడం వాళ్ళకు ఎలా మనసొప్పుతుంది? ఒకరికొకరు చెప్పుకోకుండానే నలభై ఆరుగురు అదే పని చేశారు. వాళ్ళలో మా నాయన ఉన్నాడని తర్వాత ఆయనే చెప్పాడు.

ఆ కుప్పలో ఒక్క పోగుకు మాత్రం పురి తిరగేసి ఉంది. అందరిదీ కుడిచేతి పురి, అది ఎడమచేతిది. వదులుగా, రెండు మూడు చోట్ల జారిపోయి ఉంది. అది ఎవరిదో నాకు చెప్పనక్కర్లేదు.

హెడ్‌మాస్టరుగారు మంచివారు. "నిబంధన ప్రకారం ఇవి చెల్లవు. కానీ వీళ్ళ ఉద్దేశం స్పష్టంగా ఉంది. మీ మూడు గుంపులూ ఇప్పుడైనా మేం ఒకటే అని ఒప్పుకుంటే, ఎదుటి పక్షానికి అభ్యంతరం లేకపోతే, ఇవన్నీ కలిపి లెక్కపెడతాను" అన్నారు. కలిపితే నూట ఎనిమిది. ఐదింట్లో నాలుగు చోట్లు మావే. యజమానుల పెద్దాయన వక్కపొడి నోట్లో వేసుకుని, "నాకేం అభ్యంతరం లేదప్పా. ముగ్గురూ ఒప్పుకుంటే కానీండి" అన్నాడు. ఆయన మమ్మల్ని మాకన్నా బాగా ఎరుగును.

మేం ముగ్గురం హాల్లో ఒక పక్కకు వెళ్ళాం. కాషాయం ఆయనా తెలుపు ఆయనా కాసేపు గొణుక్కుని, నాలుగు చోట్లలో తలా రెండు పంచుకుంటామన్నారు. నాకు పదకొండే వచ్చాయి కాబట్టి వచ్చేసారి చూద్దామన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ పద్ధతి తెచ్చింది నేను, లెక్క నేర్పింది నేను, నాకు ఒక్క చోటు కూడా లేదా? నేను చాప దగ్గరికి తిరిగొచ్చి హెడ్‌మాస్టరుగారితో, "నిబంధన అంటే నిబంధనే సార్. ఓట్లు అయ్యాక మారిస్తే రేపు దేశంలో ఎవరు నిబంధనలు పాటిస్తారు?" అన్నాను. మాట ఎంత గంభీరంగా వచ్చిందంటే, నాకే ఒళ్ళు పులకరించింది.

ఆయన నన్ను రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అదే చెప్పాను. అప్పుడాయన నలభై ఆరు పోగులనూ దోసిట్లోకి ఎత్తి పక్కన పడేశారు. ఎడమచేతి పురి పోగు కూడా వాటితోనే పోయింది. ముప్పై దాటింది జరీ ఒక్కటే కాబట్టి, మిగిలిన చోట్లన్నీ నా నిబంధన ప్రకారమే ఎక్కువ ఓట్లొచ్చిన వాళ్ళకే పోతాయి కాబట్టి, ఐదుకు ఐదూ వాళ్ళవే అయ్యాయి. తలుపు దగ్గర నిలబడి ఉన్న చిన్నాయన లోపలికి వెళ్ళి చిన్నమ్మకు చెప్పాడు.

నెల తిరక్కుండానే హాల్లోకి పట్టు మూటలొచ్చాయి. చిన్నాయన మా ఇంటికి రానన్నాడు. చిన్నమ్మను తీసుకుని ధర్మవరంలో ఉన్న కూతురింటికి వెళ్ళిపోయాడు. సామాను రైలెక్కించడానికి నేను వెళ్ళాను. క్షమించమని అడుగుదామని దారి పొడుగునా అనుకుంటూనే, జట్కాలో ఆయనకు ఆ పద్ధతిలో లోపం ఎక్కడుందో, వచ్చేసారి దాన్ని ఎలా సరిచెయ్యాలో చెప్పుకుంటూ వెళ్ళాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

స్వతంత్రం వచ్చిన రోజు పొద్దున్నే ఎవరో పేపరు తెచ్చారు. హాలు తాళం వేసి ఉంది. జనమంతా వీధిలోనే గుమిగూడి, చదివేవాళ్ళ కోసం అటూ ఇటూ చూసి, పేపరు నా చేతిలో పెట్టారు. నేను అరుగెక్కి కన్నడంలో గడగడా చదివేశాను. ఎవరూ కదల్లేదు. "మాకు తెలిసేట్ల చెప్పప్పా" అన్నారు. చెప్పబోయాను. నా నోటికి సార్వభౌమాధికారం, ప్రజాస్వామ్యం, బాధ్యతాయుత ప్రభుత్వం తప్ప ఏమీ రాలేదు. అన్ని దేశాల ఓట్ల పద్ధతులూ తెలిసినవాణ్ణి, మా వీధివాళ్ళకు స్వతంత్రం వచ్చిందని వాళ్ళ మాటల్లో చెప్పలేకపోయాను.

చిన్నాయన ఉన్నప్పుడు రోజూ హాలు కిటికీ దగ్గర నిలబడి వినే ఎదురింటి అవ్వ ముందుకొచ్చి, "అదంతా సరేలే నాయనా. స్వతంత్రం వచ్చిందా, రాలేదా?" అంది.

"వచ్చిందవ్వా."

"అట్లయితే మీ చిన్నాయన ఎప్పుడొస్తాడు?"

పేపరు మడిచి ఆమె చేతికిచ్చి ఇంట్లోకి వెళ్ళిపోయాను. పది రోజుల తర్వాత కంపెనీలో సెలవు పెట్టి ధర్మవరం రైలెక్కాను.

చిన్నాయన అక్కడ కూతురింటి అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. చుట్టూ పదిహేను మంది దాకా నేతవాళ్ళున్నారు. నన్ను చూసి చెయ్యూపి, వార్త ముగించాకే లేచాడు. వీధివాళ్ళంతా రమ్మంటున్నారని, గది మాట్లాడి ఇప్పిస్తానని చెప్పాను. ఈసారి క్షమించమని కూడా నోరు తెరిచి అడిగాను. ఆయన నా భుజం మీద ఎడమచెయ్యి వేశాడు.

"అదేమీ మనసులో పెట్టుకోలేదప్పా. మీరు ముగ్గురూ ఇప్పుడన్నా ఒకటైనారా?"

అబద్ధం చెబుదామా అనుకున్నాను. ఆయన కళ్ళలోకి చూస్తూ చేతకాలేదు.

"లేదు చిన్నాయనా. నాలుగైనాం."

"నాలుగోది ఎవరిది?"

"నాదే" అన్నాను. ఆ నెలలోనే నా పార్టీలో తగాదా వచ్చి, నేను బయటికొచ్చి ఇంకొకటి పెట్టి ఉన్నాను. నాతో కలిపి ముగ్గురం.

చిన్నాయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. లోపలికి చూసి, "వీడు శానా దూరం నుంచి వచ్చినాడు, అన్నం పెట్టు" అని చిన్నమ్మకు చెప్పి, మళ్ళీ వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. చిన్నమ్మ విస్తరి వేసి వడ్డించింది. బెంగళూరు ఊసు ఎత్తలేదు. బయట ఆయన గొంతు వినిపిస్తోంది. వచ్చిన స్వతంత్రం ఎట్లుంటాదో, ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో, ఇకమీద అందరికీ ఓటు ఎట్ల వస్తాదో, ఆ వీధివాళ్ళకు ఒక్కో మాటా విడమరిచి చెబుతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన పేపరు చదవడం మొదటి నుంచి చివరిదాకా విన్నది ఆ రోజే. తినడం ఆపి, ఆయన ముగించేదాకా విస్తరి ముందు అలాగే కూర్చున్నాను.